చేతిలో ఒక ప్రాణం పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, వానలు పడితే కాస్త వేరుశనగ. మూడేళ్ల కిందట నా అజాగ్రత్త వల్ల మా తోటలో ఒక నక్క చచ్చిపోయింది. ఆ సంగతి దాచకుండా నలుగురికీ చెప్పాను. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరి చేతిలో ఏ ప్రాణి పోయినా నాకు ఫోన్ వస్తోంది. బైక్ కింద కుక్క పడిందని ఒకరు, చేనులో నెమళ్లు చచ్చి పడున్నాయని ఒకరు, పామును కొట్టాను నిద్ర పట్టడం లేదని ఇంకొకరు. నేను స్వామీజీని కాను, పశువుల డాక్టర్ని అసలే కాను. కానీ అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినవి, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నవి ఒకచోట రాశాను.

బండికి కుక్క తగిలింది. ముందుగా ఏం చెయ్యాలి?

బండి పక్కకు ఆపండి. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువ టెన్షన్ పడేది ఆగకుండా వచ్చేసినవాళ్లే. అది చచ్చిందో బతికిందో తెలియదు. రాత్రంతా అదే ఆలోచన.

ప్రాణం ఉందేమో కాస్త దూరం నుంచే చూడండి. పొట్ట కదులుతుంటే బతికున్నట్టే. దెబ్బ తిన్న కుక్క ఎంత మెతకదైనా కరుస్తుంది. గోనెసంచో దుప్పటో పైన కప్పి, ఆ గుడ్డ మీద నుంచే పట్టుకోవాలి. కరిచినా, పళ్లు గీసుకున్నా ఆ చోటును సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. మిగతా ప్రాయశ్చిత్తాలన్నీ ఆ తర్వాతే.

పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది. మన రాష్ట్రంలో 2022లో మొదలైంది. ఆవు, బర్రె, గొర్రె అయితే ముందు దానికే చేయండి. కుక్కయినా ఒకసారి అడిగి చూడండి, దగ్గరి పశువుల ఆసుపత్రి ఎక్కడుందో అయినా తెలుస్తుంది.

చచ్చిపోయి ఉంటే రోడ్డు మీద నుంచి పక్కకు లాగెయ్యండి. ఇది శుచీ శుభ్రం కోసం కాదు. ఆ శవం కోసం కాకి వస్తుంది, గద్ద వస్తుంది, రాత్రయితే నక్క వస్తుంది. రోడ్డు మధ్యలో తింటూ అవీ ఇంకో లారీ కింద పడతాయి. ఒక చావుకు ఇంకో రెండు తోడవుతాయి.

ఇంకొకటి చాలామందికి తోచదు. చచ్చింది ఆడకుక్క అయితే పొట్ట వైపు చూడండి. చన్నులు నిండుగా, సాగి ఉంటే ఎక్కడో పిల్లలున్నట్టు. చుట్టుపక్కల తూముల్లో, కల్వర్టు కింద, ఇసుక కుప్పల వెనక వెతకండి. సాయంత్రానికి ఆకలికి కుయ్‌కుయ్‌మంటాయి, అప్పుడు చెవి పెడితే తెలుస్తుంది. వాటిని బతికించి, టీకాలు వేయించి, పెంచేవాళ్లకు ఇవ్వగలిగితే మీరు ఇక వేరే ఏమీ చెయ్యకపోయినా నేను అడగను.

శవాన్ని ఏం చెయ్యాలి?

పూడ్చండి. కుక్క, పిల్లి లాంటివాటికి నడుము లోతు గుంత కావాలి. మోకాలి లోతు తీస్తే తెల్లారేసరికి వేరే కుక్కలు తవ్వేస్తాయి. బావికి, బోరుకు దూరంగా తియ్యండి. జంతువుకు అంత్యక్రియలేంటి అని నవ్వేవాళ్లు మా వైపు తక్కువ. లేపాక్షి మాకు ఎంతో దూరం కాదు. రెక్కలు తెగి పడిన జటాయువుకు రాముడు కొడుకులా దహనం చేశాడని వింటూ పెరిగినవాళ్లమే.

అడవి జంతువును మాత్రం పూడ్చకండి. దానికి వేరే లెక్క ఉంది, కింద చెప్తాను.

పాపం తగులుతుందా?

కావాలని చేసినదానికి, పొరపాటున జరిగినదానికి ఏ ధర్మమూ ఒకే శిక్ష వేయదు. ఇంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు. నా బుర్రకు అర్థమైంది ఒకటే: అప్పు ఎవరి దగ్గర చేశామో వాళ్లకే తీర్చాలి. నక్క చచ్చింది మా తోటలో. నేను తిరుమల వెళ్లి గుండు కొట్టించుకుంటే నా మనసుకు హాయిగా ఉండొచ్చు, మా తోట పక్క గుట్ట మీద మిగిలిన నక్కలకు ఒరిగేదేమీ లేదు. గుండు వద్దనడం లేదు. దాంతో సరిపెట్టుకోవద్దంటున్నా.

గొర్రె చచ్చిపోయింది. యజమానికి ఎంత ఇవ్వాలి?

44వ నంబరు హైవే మీద గుత్తి, పామిడి, అనంతపురం దాటి కిందికి వెళ్లేవాళ్లకు ఇది కొత్త కాదు. పొద్దు వాలే వేళకు మందలు రోడ్డు దాటుతుంటాయి. మా దగ్గర గొర్రెలను, మేకలను కలిపి జీవాలు అంటారు. ఆ మాట చాలు, వాటిని ఎలా చూస్తారో తెలియడానికి.

రేటు సంతను బట్టి, వయసును బట్టి ఉంటుంది. ఊళ్లో పెద్దమనిషిని ఒకరిని పిలిచి మాట్లాడుకుంటే ఇద్దరికీ మర్యాద. కానీ రెండు సంగతులు చూడండి. ఒకటి, చెవికి ట్యాగ్ ఉందా అని. ఉంటే ఇన్సూరెన్సు చేయించి ఉండొచ్చు. అలాంటప్పుడు పశువుల డాక్టర్ వచ్చి చూసి, పోస్టుమార్టం చేసి రాసిచ్చేదాకా కళేబరాన్ని కదిలించకూడదు, ట్యాగ్ తీయకూడదు. మీరు జాలిపడి పూడ్చేస్తే కాపరికి ఇంకో నష్టం చేసినవాళ్లవుతారు. రెండు, సూడిదా, పాలిచ్చేదా అని. సూడి గొర్రె పోతే లెక్క ఒకటి కాదు, రెండు.

మా బంధువుల కుర్రాడు ఒకడు కారుతో ఒక తల్లి గొర్రెను గుద్దాడు. భయపడి అడిగినంతా తీసి చేతిలో పెట్టాడు. కాపరి పెద్దాయన దుడ్లు తీసుకుని, లెక్క కూడా పెట్టకుండా పైగుడ్డలో ముడేసుకుని, "దుడ్లు సరే నాయనా, దీని పిల్ల ఇప్పుడు ఎవురి పాలు తాగల్ల?" అన్నాడట. వాడి దగ్గర జవాబు లేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. తల్లి లేని పిల్లను ఇంకో గొర్రె ఊరికే దగ్గరకు రానివ్వదు, వాసన చూసి తలతో నెట్టేస్తుంది. ఆ గొర్రెను ఒకరు పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు పిల్లకు చన్ను అందించాలి. అలా రోజుకు రెండు మూడు పూటలు. మావాడు వారం రోజులు పొద్దున్నే ఆ దొడ్డికి వెళ్లి గొర్రెను పట్టుకుని నిలబడ్డాడు. ప్యాంటు నిండా పెంటికలు. ఇచ్చిన డబ్బు సంగతి వాడిప్పుడు ఎత్తడు కానీ ఆ వారం గురించి అడిగితే గంటసేపు చెప్తాడు.

నెమలి, జింక, ఉడుము లాంటివైతే?

అక్కడ మీ ఇష్టం ఏమీ ఉండదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు చచ్చి దొరికినా, పొరపాటున చంపినా అది ప్రభుత్వ ఆస్తి. దగ్గరి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో పోలీసులకో చెప్పాలి. ఎవరి నంబరూ తెలియకపోతే 112 ఉంది. ఫోటో తీయండి, టైము, కిలోమీటరు రాయి నంబరు రాసుకోండి, వాళ్లు వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.

ఎవర్నీ అని ఎందుకన్నానంటే, రోడ్డు మీద కుందేలో జింకో పడితే పది నిమిషాల్లో సంచి పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. "ఎట్లాగూ చచ్చింది కదా" అంటారు. మాంసం, చర్మం, గోళ్లు, ఏది తీసుకున్నా ఆ తర్వాత అది ప్రమాదం అని చెప్పుకోవడానికి నోరుండదు. నెమలి ఈకలు పిల్లల పుస్తకాల్లో పెట్టడానికి తెచ్చామన్నా కుదరదు.

పామును చంపాను. నాగప్రతిష్ఠ చేయించాలా?

ఈ ప్రశ్న అడిగినంతమంది ఇంకేదీ అడగలేదు. కొందరికి భయం, కొందరికి పెళ్లి కుదరకపోవడం, కొందరికి జాతకం చూసినాయన చెప్పిన సర్పదోషం. రావిచెట్టు కింద రాయి నిలపాలనుకుంటే నిలపండి. రావీ వేపా కలిసిన చోట నాగరాళ్లు లేని ఊరు సీమలో ఎక్కడుంది? కాకపోతే పక్కనే ఉన్న పుట్టను జేసీబీతో చదును చేసి, ఆ మట్టి మీద నాగప్రతిష్ఠ చేసినవాళ్లను నేను కళ్లారా చూశాను. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

పాలు పోయడం కూడా ఆలోచించండి. పాముకు పాలు అరగవు. దాహంతో పెట్టి ఉంచితే ఏదైనా తాగుతుంది, అంతే. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే బదులు పుట్ట చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఏరేసినా పామే సంతోషిస్తుంది.

అసలు మీరు చంపింది ఏ పామో తెలుసా? మా వైపు చచ్చేవాటిలో జెర్రిపోతులే ఎక్కువ. పొడుగ్గా ఉంటుంది, వేగంగా పోతుంది, జనం నాగుపాము అనుకుంటారు. దానికి విషం లేదు. వేరుశనగ చేనులో ఎలుకల్ని ఏరి తినేది అదే. జెర్రిపోతును చంపి, తర్వాత ఎలుకల మందు కొని, ఆ మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తిని చచ్చిపోతే, ఎక్కడ మొదలైంది ఎక్కడ తేలిందో చూడండి. మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక నేలల్లో తిరిగే చిన్న పింజరి. ఈ నాలుగింటి ఫోటోలు ఇంట్లో అందరికీ చూపించండి. రాత్రి నడిచేటప్పుడు టార్చి, కాళ్లకు బూట్లు, కింద పడుకునేవాళ్లకు దోమతెర. ఇల్లు అంటిపెట్టుకుని కట్టెల మోపులు, ఇటుకలు పేర్చకండి. ఇంట్లోకి పాము వస్తే తలుపు మూసి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయండి, ఆ నంబరు ముందే గోడ మీద రాసి పెట్టుకోండి. పాము చావకూడదు కర్ర విరగకూడదు అంటే ఈ ఒక్క విషయంలో తప్పేమీ లేదు.

మీ నక్క సంగతేంటి?

చెప్తాను. 

చీనీ చెట్లకు ఎండాకాలం నీళ్ల కోసం తోటలో కుంట తవ్వించి నల్ల షీటు పరిపించాను. ఫారం పాండ్ అంటారు కదా, అదే. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. చుక్క కూడా నేలలోకి ఇంకిపోకూడదని షీటు. కంచె వేయాలనుకున్నాను. డబ్బులు అయిపోయాయి, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. ఆ వచ్చే నెల ఏప్రిల్.

పొద్దున మోటారు ఆన్ చేయడానికి వెళ్తే నీళ్ల మీద ఏదో సంచి తేలుతోందనుకున్నాను. నక్క. నీళ్లు తాగడానికి దిగి ఉంటుంది. ఆ షీటు మీద నీళ్లు తగిలితే మనిషి కాలే నిలవదు. చుట్టూ నడిచి చూస్తే నీటి అంచు వెంట నాలుగు వైపులా గోళ్ల గీతలు. నల్ల షీటు మీద తెల్లగా, నాలుగేసి గీతలు ఒక్కో చోట. పదకొండు చోట్ల లెక్కపెట్టాను. ఒక మూల దగ్గర ఒకే చోట అడ్డదిడ్డంగా పదులకొద్దీ గీతలున్నాయి. అక్కడ మోటారు పైపు నీళ్లలోకి దిగుతుంది. దాన్ని పట్టుకుని ఎక్కాలని చూసినట్టుంది. పైపు కూడా నున్నటిదే.

అది రాత్రంతా ఈదింది. నేను మూడు వందల అడుగుల దూరంలో షెడ్డులో ఫ్యాన్ వేసుకుని నిద్రపోయాను.

రేంజ్ ఆఫీసుకు చెప్తే ఒకాయన వచ్చి చూసి రాసుకున్నారు. తర్వాత నేను చేసింది ఇది. పంక్చర్ షాపు నుంచి పాత లారీ టైర్లు తెచ్చాను, వాళ్లు ఊరికే ఇచ్చారు. గట్టు మీద ఇనుప మేకు దిగ్గొట్టి, కొబ్బరి తాడుతో టైరుకు టైరు కట్టి, నిచ్చెనలాగా గట్టు నుంచి అడుగుదాకా వదిలాను. షీటు చిరగకుండా కింద గోనెసంచులు పరిచాను. నాలుగు వైపులా నాలుగు. నీళ్లు ఎంత తగ్గినా టైరు అందాలి, అది ముఖ్యం. ఆ నెలలోనే చుట్టూ కంచె వేశాను. కంచెకు బయట ఒక సిమెంటు తొట్టి పెట్టి, డ్రిప్పు పైపు ఒకటి అందులోకి తిప్పాను. దాహం తీరే చోటు బయటే ఉంటే లోపలికి దూరాల్సిన పని లేదు. తొట్టి నిండినా లోపల ఒక రాయి వేసి ఉంచండి, ఉడతలు, పిట్టలు పడితే ఎక్కడానికి.

పాడుబడిన బావులున్నవాళ్లు కూడా దీన్ని మీకే చెప్పినట్టు అనుకోండి. సీమలో నీళ్లు ఎండిపోయి, పిట్టగోడ లేని బావులు పొలానికొకటి ఉన్నాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల్లోని ఎలుగుబంట్లు రాత్రి పూట చేలల్లోకి దిగుతాయి, వాటికి చీకట్లో బావి అంచు తెలియదు. గోడ కట్టే స్తోమత లేకపోతే కంపైనా కొట్టి చుట్టూ వేయండి. నీళ్లు పడని బోరు గుంతకు మూత వేయండి. దీనికి ఏ జంతువూ చచ్చేదాకా ఆగక్కర్లేదు.

అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టాను. పంది కాకుండా ఇంకేదో చచ్చింది. ఇది కూడా పొరపాటే కదా?

కాదు.

పంట పోయిన కడుపుమంట నాకు తెలుసు. ఒక రాత్రిలో అరెకరం వేరుశనగ దున్నినట్టు చేసి పోతాయి. కానీ లైను నుంచి కొక్కెం వేసి తీగకు కరెంటు ఇచ్చినవాడికి, దాన్ని తాకింది చస్తుందని ముందే తెలుసు. ఏది తాకుతుందో మాత్రమే తెలియదు. జింక కావచ్చు, పక్క చేను కాపలావాడు కావచ్చు. సోలార్ కంచె వేరు. అది ఆగి ఆగి చిన్న షాక్ ఇస్తుంది, జంతువు బెదిరి పోతుంది, చావదు. ఈ ప్రశ్న అడిగినాయనకు నేను చెప్పింది ముందు తీగ పీకెయ్యమని, తర్వాత ఫారెస్టు వాళ్ల దగ్గరకు తనంతట తాను వెళ్లమని. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు.

విత్తనానికి మందు కలిపి వేశాం. నెమళ్లు, కౌజులు చచ్చి పడ్డాయి. మందు లేకుండా ఎలా వెయ్యాలి?

మందు మానమని నేను చెప్పను. విత్తనానికి పట్టించిన మందు వల్ల నేల లోపల విత్తనం బతుకుతుంది. నేల పైన మిగిలిందే పిట్టను చంపుతుంది. గొర్రు తిప్పే చోట, చేను మొనల్లో గింజలు కుప్పగా రాలతాయి. సాయంత్రం ఒక మనిషి చిన్న పార పట్టుకుని మొనల వెంట నడిచి మట్టి కప్పితే చాలు. మందు కలిపిన బకెట్టు కుంటలో కడగొద్దు. మిగిలిన విత్తనాన్ని గట్టు మీద ఆరబెట్టొద్దు. పాత ఫోరేట్ గుళికలు షెడ్డులో ఇంకా ఉంటే వాడకండి, 2020 డిసెంబరు 31తో అవి దేశమంతా నిషేధం. వాసన గుర్తుపట్టే పెద్ద రైతులకు అవి ఎంత ఘాటువో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటికే చచ్చినవాటికి మీరు చేయగలిగింది, ఆ చేను గట్టు మీద నాలుగు సాళ్లు కొర్రో సజ్జో వేసి కోయకుండా వదిలేయడం. ఎన్ని పిట్టలు వాలతాయో చూడండి.

ఒక మొక్క నాటితే సరిపోదా?

అందరికీ నచ్చే జవాబు ఇదే. ఫోటో బాగా వస్తుంది. నాకు దీనితో రెండు పేచీలు.

మొదటిది, నాటడం సులువు, మా నేలలో బతికించడం కష్టం. రెండు ఎండాకాలాలు వారానికో బిందె పోసే ఓపిక ఉంటేనే నాటండి. నాటితే ఇక్కడివే నాటండి: వేప, కానుగ, చింత, మర్రి, మేడి, నేరేడు, రేగు. పిట్టకు పండు, పశువుకు నీడ దొరికేవి. నర్సరీలో పచ్చగా కనిపించిందని కోనోకార్పస్ తెచ్చి నాటితే దాని మీద వాలే పిట్టకు తినడానికేముంది? చెట్టును నాటడం కంటే ఉన్నదాన్ని కొట్టకుండా ఆపడం ఇంకా గొప్ప. హిందూపురం వైపు చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఊరుంది. ఏటా పెద్ద కొంగలు, పెయింటెడ్ స్టార్కులు, వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. కింద రెట్టలు, చేపల కంపు, అరుపులు. ఆ ఊరివాళ్లు భరిస్తారు, కొమ్మ కొట్టనివ్వరు. 

రెండోది ఎవరూ వినరు. అన్ని జంతువులకూ చెట్టు అక్కర్లేదు. మీ కారు తగిలి చచ్చింది కృష్ణజింక అయితే దానికి కావలసింది గడ్డి మైదానం. దూరం దాకా కనబడితేనే దానికి ధైర్యం, పరుగు. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది, అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. అడవి అన్నారు కానీ వెళ్లి చూస్తే చెట్లుండవు, గడ్డే. మనిషి నడుము దాటే ఎత్తున్న ఆ పిట్ట గడ్డిలో, నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. అలాంటి చోట "ఖాళీగా ఉంది కదా" అని మొక్కలు నాటితే ఉన్న ఇల్లు కూడా పీకినట్టే. మా ఊళ్లలో గడ్డి బీళ్లను ఖాళీ భూమి అంటారు. ఖాళీ ఏంటి, కుందేలు ఉంది, కౌజు ఉంది, నక్క ఉంది. బీడుకు నిప్పు పెట్టకుండా ఆపండి, సర్కారు తుమ్మ కమ్ముకుంటుంటే పీకండి. జింకకు మీరు తీర్చగలిగే బాకీ అది.

మంచి చెయ్యబోయాను, చచ్చిపోయింది. గూట్లోంచి పడిన పిల్లను ఇంటికి తెచ్చి అన్నం పెట్టాను.

పిట్టపిల్లకు అన్నం, పాలు పెట్టకూడదు, చేత్తో నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈకలు వచ్చిన పిల్ల కింద గెంతుతుంటే అది పడిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్క కొమ్మ మీదే ఉంటుంది. పిల్లిని తరిమి, ఒక పొద మీద పెట్టి దూరం జరగండి. ఈకలు లేని పిల్ల అయితే గూడు కనిపిస్తే తిరిగి పెట్టెయ్యండి. మనిషి వాసనకు తల్లి వదిలేస్తుందనేది ఉత్త మాట.

మీకు ఊరట కోసం కాదు కానీ కడప జిల్లాలో జరిగింది ఒకటి చెప్పాలి. కలివి కోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేదనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతూ ఊరూరా బొమ్మలు చూపించారు. 1986 జనవరిలో సిద్దవటం వైపు రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టే ఒకాయన రాత్రి టార్చి వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టాడు. ఎనభై ఏళ్లు దాటి లోకానికి దొరికిన ఆ ఒక్క పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. అక్కడితో అయిపోలేదు. ఆ పొదల అడవే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అయింది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ చోటు మీదుగా రాబోతుంటే దారి మార్చారు. ఆ పిట్ట పెద్ద చెట్ల అడవిలో ఉండదు, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిపూట తిరుగుతుంది. మనం కంపచెట్లు అని తీసిపారేసే నేల.

రాబందుల గురించి ఎవరో అన్నారు, మనమే చంపామని. నేను రాబందును చూడనే లేదు.

మా నాన్న చూశాడు. ఊరి బయట గొడ్డు చస్తే ఆకాశంలో ఎక్కడి నుంచో వచ్చి వాలేవట. తెల్ల వీపు రాబందులు 1990ల తర్వాత మన దేశంలో 99 శాతానికి పైగా పోయాయి. కారణం డైక్లోఫెనాక్, నొప్పుల మందు. గొడ్డుకు నొప్పి తగ్గాలని వేయిస్తాం, అది చస్తే కళేబరం తిన్న రాబందుకు కిడ్నీలు పాడవుతాయి. పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు. దీనికి ప్రాయశ్చిత్తం ఒక్క మాట. బర్రెకు నొప్పి ఇంజెక్షన్ వేసేటప్పుడు "మెలోక్సికామ్ ఉందా సార్?" అని అడగండి. అదీ నొప్పుల మందే, రాబందుకు హాని చేయదు. 

పిల్లాడు ఉండేలు బద్దతో ఉడతను కొట్టాడు. తిట్టాలా?

తిట్టినా పర్లేదు కానీ ఆ ఉడతను వాడి చేత్తోనే పూడ్పించండి. చూడనివ్వండి, తోక ఎలా మెత్తగా ఉందో, నోట్లో ఇంకా గింజ ఉందేమో. తర్వాత పెరట్లో నీళ్ల మూకుడు పని వాడికి అప్పగించండి. రోజూ కడిగి నింపాలి, ఎండాకాలం మొత్తం. మా అన్న కొడుకు మొదట శిక్షగానే చేశాడు. మే నెలకు ఏ పిట్ట ఎన్నింటికి వస్తుందో క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టాడు. స్పెల్లింగులన్నీ తప్పులే.

పిల్లి చచ్చింది. బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలంటున్నారు.

ఇప్పటి బంగారం రేటుకా? ఆ డబ్బుతో ఊళ్లో పిల్లులన్నిటికీ ఆపరేషన్లు చేయించొచ్చు. మీ పెద్దవాళ్ల మనసు కోసం చిన్న వెండి బొమ్మ ఇచ్చి, మిగతాది పశువుల ఆసుపత్రికి పెట్టండి.

కర్నూలు, కడప నుంచి ముస్లిం స్నేహితులు సదఖా (దానం) ఇస్తే సరిపోతుందా అని అడిగారు. మత సంగతి హజ్రత్‌ను అడగాలి. కానీ దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, మేజోడు నింపి నీళ్లు తెచ్చిన మనిషిని అల్లా క్షమించాడన్న కథ నాకు చెప్పింది వాళ్లే. కర్నూలు ఎండల్లో ఆ కథకు వేరే వ్యాఖ్యానం ఎందుకు?

గోశాలకు డబ్బు పంపిస్తే?

పంపండి, చచ్చింది ఆవయితే. ముందు ఆవు యజమానికి ఇచ్చి, తర్వాత పంపండి.

ఒకే చోట మళ్లీ మళ్లీ కుక్కలు చస్తున్నాయి. ఆ చోటుకేదో ఉందంటారు.

ఉంది. చికెన్ వ్యర్థాలు. అలా చెప్పిన చోటుకు నేను వెళ్లి చూశాను. టౌను దాటగానే మలుపులో, ఎవరో రాత్రిపూట సంచులు పడేసి పోతున్నారు. కుక్కలు ఆ సంచుల కోసం రోడ్డు దాటుతున్నాయి. నిమ్మకాయలు కట్టి లాభం లేదు. అది తీయించాలని మున్సిపాలిటీకి రాసి, ఇద్దరు ముగ్గురు దుకాణాలవాళ్లతో మాట్లాడి, స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ పెట్టారు అడిగినవాళ్లు. సంచులు తగ్గాయి. స్పీడ్ బ్రేకర్ ఇంకా రాలేదు.

ఎంతకాలం చెయ్యాలి? ఎప్పటికి తీరినట్టు?

నాకు ఎవరూ తేదీ చెప్పలేదు. మాది కొబ్బరి తాడు కాబట్టి ఎండకు, నీళ్లకు ఏడాది తిరిగేసరికి పురి విడిపోతుంది. ఫిబ్రవరిలో ఒకసారి నాలుగు వైపులా లాగి చూస్తాను. ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ఈసారి తూర్పు వైపు తాడు చూడ్డానికి వెళ్తే కంచె బయట, తొట్టి పక్కన నక్క పెంట కనిపించింది. పుల్లతో విప్పి చూశాను, నిండా రేగు గింజలు. నైలాన్ తాడు వాడమని కొందరు అంటున్నారు, ఎక్కువ కాలం వస్తుందట, కానీ తడిస్తే జారుతుంది. గోళ్లకు పట్టు దొరకాలి. కొబ్బరి తాడే తీసుకోండి, వేలి మందం కంటే సన్నది వద్దు.